తిన్నది ఒంటికి పట్టకపోతే...

"ఎంత పెట్టినా ఈ మనిషికి ఒంటికి పట్టదేం?"

మనలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు భర్త గురించో, బిడ్డ గురించో ఈ మాట అనుకునే ఉంటాం. అనుకుని, మరో ముద్ద ఎక్కువ పెట్టి ఊరుకుంటాం. దిష్టి తీసేవాళ్ళు తీస్తారు, మొక్కుకునేవాళ్ళు మొక్కుకుంటారు. ఆ మాట వెనక ఒక జబ్బు ఉండొచ్చనీ, దానికి పరీక్షా, మందూ ఉన్నాయనీ మా ఇంట్లో తెలిసేసరికి రెండేళ్ళు గడిచిపోయాయి. ఆ రెండేళ్ళలో మా మరిది 68 కిలోల నుంచి 49 కిలోలకు చిక్కిపోయాడు.

మా అత్తగారి ఊరు బోధన్ దగ్గర. ఒకప్పుడు చుట్టుపక్కలంతా చెరుకు తోటలే. 2015లో శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక చాలామంది చెరుకు మాని వరికి, సోయాకు మళ్ళారు. మా మరిదీ అంతే. కష్టపడే మనిషి. బీడీ అలవాటు ఎప్పట్నుంచో ఉంది, తాగుడు మధ్యలో వచ్చింది. 2021 వేసవిలో ఒక పెళ్ళికి వెళ్ళొచ్చిన రాత్రి కడుపులో నొప్పి మొదలైంది. పైకడుపులో పుట్టి వీపులోకి పొడుచుకుపోయే నొప్పి. వాంతులు ఆగలేదు. తెల్లవారేసరికి నిజామాబాదు తీసుకొచ్చి ఆస్పత్రిలో చేర్చాం. క్లోమం వాచిందన్నారు. దాన్నే పాంక్రియాటైటిస్ అంటారట. పది రోజులున్నాడు. "ఇక చుక్క ముట్టుకోవద్దు" అని చెప్పి పంపారు.

నిజంగానే మానేశాడు. ఇంటిల్లిపాదీ సంతోషించాం. గండం గడిచిందనుకున్నాం. మధ్యలో రెండుసార్లు నొప్పి వచ్చి తగ్గింది. ఆ తర్వాత నొప్పి జాడే లేదు. కానీ మనిషి మాత్రం నెలనెలకీ సన్నబడిపోతున్నాడు.

అందరూ తలో మాట

షుగరు ఉందేమోనని చూపిస్తే, ఉంది. ఇంకేం, కారణం దొరికిందనుకున్నాం. అన్నం తగ్గించారు. కొవ్వు పడదని ఎవరో అంటే నూనె, నెయ్యి ఆపేశారు. కామెర్లేమోనని ఒకాయన పసరు పోశాడు. అరగట్లేదంటే మందుల షాపులో అరుగుదల టానిక్కు ఇచ్చారు. సీసా తర్వాత సీసా ఖాళీ అయింది. చొక్కా భుజాలమీంచి జారుతూనే ఉంది.

2023 బతుకమ్మ పండక్కి ఊరెళ్ళాను. పువ్వులు పేరుస్తూ కూర్చున్నప్పుడు మా తోడికోడలు చుట్టూ ఎవరూ లేకుండా చూసి మెల్లగా చెప్పింది.

"అక్కా, ఎట్ల చెప్పాలెనో తెలుస్తలేదు. మీ మరిది లెట్రిన్‌కు పోయొస్తే నాలుగు బకెట్ల నీళ్ళు గుమ్మరించినా పోతలేదు. మీద నూనె తేలినట్టుంటది. వాసన చెప్పరాదు. నేనే కడుగుత రోజూ."

"ఎన్నాళ్ళనుంచి?"

"ఏడాది దాటింది."

"డాక్టరుకు చెప్పలేదా?"

"గదేం మాట అక్కా, గదెట్ల చెప్తం?"

ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ఒక్క మాట. డాక్టర్లు అడిగారు, రక్తం తీశారు, స్కానింగు చేశారు. కానీ అసలు ఆనవాలు చూసింది రోజూ కడిగే మనిషి. ఆమె సిగ్గుతో నోరు విప్పలేదు. ఆయనకు అదొక చెప్పాల్సిన సంగతని తోచలేదు.

క్లోమం ఏం చేస్తుంది?

క్లోమం అంటే జీర్ణాశయం వెనక అడ్డంగా పడుకుని ఉండే జానెడు గ్రంథి. ఇన్సులిన్ తయారుచేసేది ఇదేనని చాలామందికి తెలుసు. కానీ దాని పనిలో పెద్ద భాగం వేరే ఉంది. రోజుకు లీటరు పైన జీర్ణరసం తయారుచేసి చిన్నపేగులోకి పంపుతుంది. ఆ రసంలో ఎంజైములుంటాయి. కొవ్వును విడగొట్టేది లైపేజ్, పిండిపదార్థాన్ని విడగొట్టేది అమైలేజ్, మాంసకృత్తులను విడగొట్టేవి ప్రోటియేజ్‌లు.

పత్తర్ మీద పప్పు రుబ్బకుండా గారె వేయలేం కదా. తిన్న తిండీ అంతే. ఎంజైములు దాన్ని చిన్న ముక్కలుగా చేస్తేనే పేగు లోపలికి పీల్చుకోగలదు. లేకపోతే తిన్నది తిన్నట్టే కిందికి పోతుంది. పిండిపదార్థానికి నోటిలోని లాలాజలం, మాంసకృత్తులకు జీర్ణాశయంలోని రసం కొంత సాయం చేస్తాయి. కొవ్వుకు మాత్రం దాదాపు క్లోమమే దిక్కు. అందుకే ముందు దెబ్బతినేది కొవ్వు అరుగుదలే. నూనె తేలడం అందుకే.

క్లోమం మాటిమాటికీ వాస్తే లోపల మచ్చలు కట్టి గట్టిపడుతుంది. ఒక్కోసారి గొట్టంలో రాళ్ళు పేరుకుంటాయి. ఎంజైములు తయారుచేసే కణాలు నశిస్తూ పోతాయి. అయితే దేవుడు మనకు క్లోమాన్ని చాలా ఉదారంగా ఇచ్చాడు. శక్తి పదోవంతుకు పడిపోయేదాకా నూనె విరేచనాలు కనపడవట. అంటే కళ్ళకు కనపడేసరికే జబ్బు చాలా దూరం వచ్చేసిందన్నమాట. వచ్చిన షుగరు కూడా వేరే జబ్బు కాదు. ఇన్సులిన్ కణాలూ అదే గ్రంథిలో ఉన్నాయి కనుక అవీ దెబ్బతింటాయి. ఇంటి ఒక గదికి అంటుకున్న నిప్పు పక్కగదికి పాకినట్టే.

నొప్పి తగ్గిందని మేం సంబరపడ్డాం. జబ్బు ముదిరినకొద్దీ కొందరికి నొప్పి తగ్గిపోవడమూ ఉందని తర్వాత తెలిసింది.

తాగేవాళ్ళకేనా?

కాదు. ఈ సంగతి గట్టిగా చెప్పాలి. మా వీధిలోనే పందొమ్మిదేళ్ళ పిల్లకు చిన్నప్పట్నుంచి కడుపునొప్పి. డిగ్రీలో చేరాక క్లోమంలో రాళ్ళున్నాయని తేలింది. "ఆడపిల్లకు తాగుబోతుల జబ్బేంటమ్మా" అని ఒకావిడ ఆ పిల్ల తల్లి మొహం మీదే అంది. ఆ రాత్రి ఆ తల్లి అన్నం తినలేదు.

మద్యం ముఖ్య కారణమే. కల్లయినా, బ్రాండీ అయినా లోపలికి పోయేది ఆల్కహాలే. పొగాకు కూడా స్వయంగా క్లోమాన్ని పాడుచేస్తుంది. బీడీలు చుట్టి బతికే ఆడవాళ్ళు వేలల్లో ఉన్న జిల్లా మనది. ఆ బీడీ కాల్చే మనిషి ఊపిరితిత్తులే కాదు, క్లోమమూ కాలుతుందని మనకు తెలిసుండాలి. పిత్తాశయంలో రాళ్ళ వల్ల, రక్తంలో ట్రైగ్లిజరైడ్లనే కొవ్వు బాగా పెరగడం వల్ల కూడా క్లోమం వాస్తుంది.

ఇవేవీ లేకుండా చిన్న వయసులోనే వచ్చే రకం ఒకటుంది. దక్షిణ భారతంలో ఇది ఎక్కువ. కేరళలో డాక్టర్ గీవర్గీస్ 1960లలో వందలమంది రోగులను పరిశీలించి దీని గురించి రాశారు. కర్రపెండలం తినడం వల్లనేమో అని అప్పట్లో అనుమానించారు. కానీ కర్రపెండలం తినని చోట్లా ఈ జబ్బు కనపడుతుండటంతో ఆ వాదం నిలవలేదు. 2002లో మన హైదరాబాదులోని సీసీఎంబీలో డాక్టర్ గిరిరాజ్ చందక్ బృందం ఇలాంటి రోగుల్లో చాలామందికి స్పింక్-1 అనే జన్యువులో మార్పు ఉందని చూపించింది. క్లోమాన్ని దాని రసం అదే అరిగించేసుకోకుండా కాపాడే జన్యువది. అంటే ఆ పందొమ్మిదేళ్ళ పిల్ల చేసిన తప్పేమీ లేదు. తల్లి తిండిలో చేసిన లోపమూ లేదు.

క్లోమం రాళ్ళకు ఇప్పుడు వైద్యమూ మన దగ్గరే ఉంది. హైదరాబాదులో డాక్టర్ నాగేశ్వర్‌రెడ్డి స్థాపించిన ఏఐజీలో శరీరం బయట్నుంచి తరంగాలు పంపి ఆ రాళ్ళను పొడిచేసి, ఎండోస్కోపీతో తీసే చికిత్స ఎంతోమందికి చేశారు. అయితే రాళ్ళు తీసినంత మాత్రాన పోయిన ఎంజైములు తిరిగి వస్తాయన్న నమ్మకం లేదు. వాటి సంగతి వేరే చూసుకోవాల్సిందే.

గుమ్మం దగ్గర్నుంచి వచ్చిన జవాబు

పండగ అయిన వారానికి మా తోడికోడల్ని, మరిదిని వెంటబెట్టుకుని నిజామాబాదులో జీర్ణకోశ వ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన పాత కాగితాలన్నీ చూసి అడిగారు.

"విరేచనం ఎట్లయితుంది?"

"మంచిగనే అయితది సార్" అన్నాడు మరిది నేల చూస్తూ.

నేను తోడికోడలి వైపు చూశాను. గుమ్మం దగ్గర నిలబడి ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత తీసేసింది.

"మంచిగ లేదు సార్. నూనె తేలుతది. నీళ్ళు పోస్తే పోదు. తెల్లగ, బురద లెక్క ఉంటది. రోజుకు మూడు నాలుగు సార్లు."

డాక్టరు కలం కింద పెట్టి ఆమెవైపు తిరిగారు. "అమ్మా, ఇది మీరు ముందే చెప్పుంటే ఏడాది కలిసొచ్చేది" అన్నారు. కోపంగా కాదు, నెమ్మదిగానే.

పరీక్ష ఎలా చేస్తారు?

ఈ లోపాన్ని పట్టుకోవడానికి మొదట చేసేది మలపరీక్షే. దాన్ని ఫీకల్ ఎలాస్టేజ్ టెస్టు అంటారు. ఎలాస్టేజ్ కూడా క్లోమం తయారుచేసే ఎంజైమే. అది పేగుల్లో నాశనం కాకుండా బయటికి వస్తుంది. ఒక గ్రాము మలంలో 200 మైక్రోగ్రాములకు పైన ఉంటే మామూలు. 100 లోపు ఉంటే లోపం ఉన్నట్టే అనుకోవచ్చు. మధ్యలో ఉంటే మిగతా లక్షణాలతో కలిపి చూసి డాక్టరు నిర్ణయిస్తారు. కొంచెం శాంపిల్ చాలు. ఎంజైము మాత్రలు వాడుతున్నా పరీక్షకోసం మానక్కరలేదు. కాకపోతే నీళ్ళ విరేచనమప్పుడు ఇస్తే పలచబడి అంకె దొంగగా తగ్గి కనపడుతుంది.

పాత పద్ధతి ఇంకొకటుంది. రోజుకు 100 గ్రాముల కొవ్వు తినిపిస్తూ మూడు రోజుల మలం మొత్తం పోగుచేసి చూస్తారు. రోజుకు 7 గ్రాములకంటే ఎక్కువ కొవ్వు బయటికి పోతుంటే అరగట్లేదన్నమాట. ఇంట్లో చేయించడం ఎంత కష్టమో నేను చెప్పక్కర్లేదు. అందుకే ఇప్పుడు ఎక్కువగా ఎలాస్టేజ్ టెస్టే చేస్తున్నారు.

"మాత్రలు వేసి చూద్దాం, తగ్గితే అదే జబ్బు" అనుకోవడమూ సరికాదట. ఇతర కారణాలతో వచ్చిన విరేచనాలు కూడా కొంత తగ్గినట్టు కనిపించి మోసం చేయొచ్చు. ఇంకో జాగ్రత్త. నడివయసు దాటాక కొత్తగా షుగరు వచ్చి, బరువు వేగంగా తగ్గుతుంటే క్లోమంలో కంతి లేదని కూడా చూపించుకుని తీరాలి.

మా వాళ్ళు ఆ చిన్న డబ్బాను నాలుగు పేపర్లలో చుట్టి, టిఫిన్ సంచిలో పెట్టుకుని, బోధన్ బస్సులో కిటికీ పక్కన బిగుసుకుని కూర్చుని తెచ్చారు. శాంపిల్ హైదరాబాదు పంపారు. వచ్చిన అంకె 38.

మందు ముద్దతోనే

లోటుపడ్డ ఎంజైములను బయట్నుంచి ఇవ్వడమే చికిత్స. వీటిని పాంక్రియాటిన్ క్యాప్సూళ్ళంటారు. డబ్బా మీద 10,000, 25,000, 40,000 అని ఉండేవి లైపేజ్ యూనిట్లు. పెద్దవాళ్ళకు ఒక్కో భోజనంతో కనీసం 40,000 యూనిట్లతో మొదలుపెట్టాలనీ, చిరుతిండికి అందులో సగమనీ 2023లో అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం చెప్పింది. ఎవరికి ఎంతన్నది వాళ్ళ డాక్టరే చెప్పాలి.

మాకు మొదటి నెల ఏ ఫలితమూ కనపడలేదు. డబ్బా ఖరీదు చూసి మరిది "ఇది కూడా దండగే" అన్నాడు. డాక్టరు అడిగితే తెలిసింది. గ్యాసు మాత్రలాగే దాన్ని కూడా పొద్దున్నే పరగడుపున, మళ్ళీ రాత్రి పడుకునేముందు వేసుకుంటున్నాడు! తిండి లేని కడుపులో ఆ ఎంజైము ఏం పని చేస్తుంది పాపం?

ఈ మందుకు పొద్దున, రాత్రి లెక్క లేదు. తిండి లెక్కే. మొదటి ముద్దతో ఒకటి, రెండో మాత్ర ఉంటే భోజనం మధ్యలో. తిండితో కలిసి పేగులోకి పోవాలి. తినడం అయిపోయాక గుర్తొస్తే పెద్దగా ప్రయోజనం ఉండదు. నమలకూడదు, నోట్లో చప్పరించకూడదు. నోరు పూస్తుంది. వేడి పాలలోనో, టీలోనో కలపకూడదు. మన వైపు ఎండలు తెలుసు కదా, డబ్బాను స్టవ్ పక్కనో, కిటికీ దగ్గరో, బండి డిక్కీలోనో పెడితే మందు చచ్చిపోతుంది. చల్లని చోట ఉంచాలి.

సరిగా వేసుకున్నా గుణం కనపడకపోతే మోతాదు పెంచుతారు. జీర్ణాశయంలో పుల్లని రసం లైపేజ్‌ను చంపేస్తుంది కనుక అసిడిటీ తగ్గించే మాత్ర జోడిస్తారు. పేగులో సూక్ష్మజీవులు మితిమీరి పెరిగాయేమో చూస్తారు.

షాపులో దొరికే అరుగుదల టానిక్కులు దీనికి బదులు కావు. వాటిలో సాధారణంగా ఉండేది పిండిపదార్థాన్ని, మాంసకృత్తులను అరిగించే ఎంజైములే. కొవ్వు సంగతి చూసే లైపేజ్ ఉండదు. మేం ఖాళీ చేసిన సీసాలన్నీ అందుకే వృథా అయ్యాయి.

ఇంకో సంగతి దాచకుండా చెప్పాలి. ఈ క్యాప్సూళ్ళను పంది క్లోమం నుంచి తయారుచేస్తారు. మన నిజామాబాదు, బోధన్లలో ముస్లిం కుటుంబాలు ఎక్కువ, శాకాహారం పట్టింపున్న ఇళ్ళూ ఉన్నాయి. తెలిస్తే మానేస్తారేమోనని దాచడం మంచిది కాదు. డాక్టరుతో విడమరచి మాట్లాడి, కావాలంటే నమ్మకమున్న మతపెద్దల్ని అడిగి నిర్ణయించుకోవాలి. ప్రాణావసరానికి మందుగా తీసుకోవచ్చని చెప్పే పెద్దలు చాలామందే ఉన్నారు.

వంటింట్లో మనం చేయగలిగింది

మేం చేసిన పెద్ద తప్పు కొవ్వు పూర్తిగా ఆపేయడం. నూనె చుక్క లేని కూర, వెన్న తీసిన మజ్జిగ. విరేచనం కొంత గట్టిపడేది, మనిషి మాత్రం ఇంకా ఎండిపోయేవాడు. కొందరికి నూనె తేలకపోవడానికి కారణం కూడా ఇదే, వాళ్ళు అసలు కొవ్వే తినట్లేదు! బరువు తగ్గుతుంటే అప్పుడూ అనుమానించాల్సిందే.

ఇప్పుడు మా తోడికోడలు రోజుకు మూడు పెద్ద భోజనాలకు బదులు ఐదారుసార్లు కొంచెం కొంచెం పెడుతుంది. జొన్నరొట్టె, పప్పు, గుడ్డు, పెరుగు, మామూలు నూనెతో కూర. బజ్జీలు, పూరీలు లేవు. పాలు, గుడ్డు, పప్పు, రొట్టె దేనికైనా క్యాప్సూల్ ఉంటుంది. ఉత్త పండు ముక్కకో, పాలు లేని టీకో అక్కరలేదు.

కొవ్వు అరగకపోతే దానితో కలిసి ఒంట్లోకి పోవాల్సిన ఎ, డి, ఇ, కె విటమిన్లూ పోతాయి. ఎముకలు బోలుబారతాయి, రేచీకటి రావచ్చు, చిన్న దెబ్బకే రక్తం ఆగకపోవచ్చు. కాబట్టి ఏడాదికోసారి విటమిన్ల పరీక్ష, డాక్టరు చెబితే ఎముకల పరీక్ష చేయించాలి.

షుగరు మందులు వాడేవాళ్ళు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. తిండి ఒంటికి పట్టడం మొదలయ్యాక షుగరు పెరగొచ్చు. భోజనం తప్పితే ఒక్కసారిగా పడిపోవచ్చు. చక్కెర పడిపోతే నిలబెట్టే గ్లూకగాన్ కూడా క్లోమంలోంచి వచ్చేదే మరి. జేబులో నాలుగు గ్లూకోజు బిళ్ళలు ఉండాలి.

కడుపు చించుకుంటే...

కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందంటారు పెద్దలు. ఇంటి గుట్టు చెప్పుకోకూడదని ఆ మాట. కానీ ఈ కడుపు సంగతిలో చెప్పుకోకపోవడమే మా కొంప ముంచబోయింది. బిడ్డ పసితనంలో "పచ్చగా అయింది, నురగగా అయింది" అని డాక్టరుకు రంగుతో సహా చెబుతాం. అదే బిడ్డ పెద్దయ్యాక, కట్టుకున్నవాడి దగ్గరకొచ్చేసరికి నోరు పడిపోతుంది. ఎందుకో?

2024 బతుకమ్మకు మళ్ళీ ఊరెళ్ళాను. మరిది 57 కిలోలకు వచ్చాడు. పాత 68 రాలేదు, వస్తుందని డాక్టరు కూడా అనలేదు. పోయిన క్లోమం పోయినట్టే, మాత్రలు ఎన్నాళ్ళన్నది ఇప్పట్లో అడగక్కరలేని ప్రశ్న. బీడీ మానడానికి ఇంకా తంటాలు పడుతున్నాడు. ఆ పోరు మా తోడికోడలిదే.

మధ్యాహ్నం అందరం భోజనానికి కూర్చున్నాం. ఆయన పళ్ళెం పక్కన మంచినీళ్ళ గ్లాసు, గ్లాసు పక్కన చిన్న గిన్నెలో రెండు క్యాప్సూళ్ళు. కూర వడ్డించినంత మామూలుగా పెట్టింది.

"ఇప్పుడెట్లుందే?" అని వంటింట్లో చెవిలో అడిగాను.

"ఒక్క బకెట్ సరిపోతుందక్కా" అంది నవ్వుతూ.

గుర్తుంచుకోండి

* క్లోమం వాపు ఒక్కసారి వచ్చి తగ్గినా సరే, ఆ తర్వాత బరువు తగ్గుతున్నా, కడుపు ఉబ్బరం, నూనె తేలే విరేచనాలు ఉన్నా డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పండి.
* ఫీకల్ ఎలాస్టేజ్ టెస్టు గురించి అడగండి. నీళ్ళ విరేచనమప్పుడు శాంపిల్ ఇవ్వకండి.
* క్యాప్సూల్ ముద్దతోనే. పరగడుపున కాదు, పడుకునేముందు కాదు.
* ఇది నొప్పి తగ్గించే మందు కాదు. నొప్పి ఉంటే దానికి వేరే వైద్యం చేయించాలి.
* కొవ్వు పూర్తిగా మాన్పించకండి. మద్యం, పొగాకు మాత్రం పూర్తిగా మాన్పించండి.